ఒక సినిమా టిక్కెట్టుకి ఒక ఓడ!

"మామయ్యా, మనకి వైకింగులు లేరా?"

అడిగింది మా మేనల్లుడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు కోసమని మా ఎల్‌బీ నగర్ ఇంట్లో మకాం పెట్టాడు. పగలంతా లెక్కలు, రాత్రంతా ఫోన్లో గడ్డాల వీరులు! జడలు కట్టిన జుట్టు, చేతిలో గొడ్డలి, ముందు పాము తల ఉన్న పొడుగాటి పడవ... పడవ ఒడ్డున ఆగిందా, ఊరికి నిప్పు అంటుకుందన్నమాటే. ఆ రోజు వాడి అభిమాన వీరుడు చచ్చిపోయాడు. అందుకని అన్నం సరిగ్గా తినలేదు. చేయి కడుక్కుంటూ ఈ ప్రశ్న వేశాడు.

సినిమాల మీద వ్రాసుకుని బతికేవాణ్ణి కదా, నాకు తెలిసిన భాగం గడగడా చెప్పేశాను. 1958లో వచ్చిన 'ది వైకింగ్స్' సంగతి, అందులో కదిలే పడవ పక్కన బారుగా చాచిన తెడ్ల మీద కర్క్ డగ్లస్ గంతులేసుకుంటూ నడవటం సంగతి చెప్పాను. వైకింగుల తలపాగాకి కొమ్ములుంటాయని అందరూ అనుకుంటారు చూశారూ, అదంతా ఉత్తిదేనని కూడా చెప్పాను. 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకం వేసినప్పుడు దుస్తులు గీసిన పెద్దమనిషి పుణ్యం అది! తవ్వకాల్లో కొమ్ముల శిరస్త్రాణం వైకింగుది ఒక్కటీ దొరకలేదు. ఒక కాస్ట్యూమ్ డిజైనరు గీసిన బొమ్మని లోకమంతా చరిత్ర అనుకుంది. సినిమావాళ్ళ సత్తా తక్కువదేం కాదు సుమండీ!

"అది సరే మామయ్యా, నేనడిగింది మన సంగతి" అన్నాడు వాడు.

నా దగ్గర జవాబు లేదు. 'బాహుబలి-2'లో హంస ఓడ, 'దేవర'లో సముద్రం... మనకి తెలిసిన ఓడలన్నీ తెరమీదవే. నిజం ఓడ ఒక్కటీ గుర్తు రాలేదు. ఆంధ్రదేశానికి అంత పొడుగు సముద్రతీరం పెట్టుకుని ఒక్క నావికుడి పేరు చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

మేకులు చెప్పిన కథ

మర్నాడే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి కూచున్నాను. ముందు వైకింగుల సంగతే చదివాను.

వాళ్ళ కాలం 793 నుంచి 1066 దాకా అని చరిత్రకారుల లెక్క. 793లో ఇంగ్లండు తీరంలో లిండిస్‌ఫార్న్ అనే దీవిలోని మఠాన్ని దోచుకోవటంతో మొదలు. కానీ దోపిడీ ఒక్కటే అయితే ఇవాళ వాళ్ళ గురించి ఇంత తెలిసేది కాదు. ఒడ్డున వాళ్ళు వదిలేసినవి పోగుచేశారు కాబట్టి తెలిసింది. 1962లో డెన్మార్కులోని రోస్కిల్డె దగ్గర నీళ్ళ అడుగున్నించి అయిదు ఓడల్ని ముక్కముక్కగా పైకి తీశారు. ఒక్కో చెక్కా తడి ఆరిపోకుండా కాపాడి, మళ్ళీ ఓడలా పేర్చారు. 1960లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ కొసన గడ్డి దిబ్బలు కనబడితే తవ్వారు. ఇళ్ళ పునాదులు, ఇనప మేకు, నరికిన కొయ్య ముక్కలు బయటపడ్డాయి. ఆ కొయ్యని గొడ్డలితో నరికింది సరిగ్గా 1021వ సంవత్సరంలోనని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే కొలంబసు కన్న నాలుగున్నర శతాబ్దాల ముందే వైకింగులు అమెరికా ఖండం తొక్కారన్నమాట! ఒక మేకూ, నాలుగు కొయ్యముక్కలూ చరిత్రనే తిరగరాశాయి.

ఇంకో చిత్రం వినండి. స్వీడన్‌లో హెల్గో అనే దీవి ఉంది. 1956లో అక్కడ తవ్వుతుంటే చిన్న కంచు బుద్ధుడు దొరికాడు. ఎత్తు ఎనిమిది సెంటీమీటర్ల పైన కాస్త, అరచేతిలో ఇమిడిపోతాడు. పుట్టింది ఇప్పటి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో, ఆరో శతాబ్దం ప్రాంతంలో. చేతులు మారి మారి మంచుదేశం చేరాడు. మన వైపు వస్తువొకటి అంత దూరం పోయిందంటే, సముద్రాల మీదా నదుల మీదా ఎంతమంది తిరిగి ఉండాలి!

ఆ పక్కనే మన ప్రాచీన నాణేల పుస్తకం ఉంది. ఊరికే తిరగేశాను. ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

ఆ పేజీలో బొమ్మ

సీసపు నాణెం బొమ్మ అది. అంచులు అరిగి, వంకరటింకరగా ఉంది. మధ్యలో ఒక ఓడ, ఓడ మీద నిలబెట్టిన రెండు కొయ్యలు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించాడట. అంటే క్రీస్తు శకం రెండో శతాబ్దం చివరి భాగం. తూర్పు తీరంలో చెలామణి అయిన ఈ జంట తెరచాప కొయ్యల ఓడ నాణేలు ప్రపంచంలోని చరిత్రకారులందరికీ తెలుసు. వైకింగులు లిండిస్‌ఫార్న్ మీద పడటానికి ఆరు వందల ఏళ్ళ ముందే మన రాజు తన డబ్బు మీద ఓడ బొమ్మ కొట్టించాడు!

గర్వపడాల్సిన చోట నాకు కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే... అలాంటి బిళ్ళని నేను చూశాను. చూడటమేమిటి, అమ్మేశాను!

పాఠకమిత్రులారా, ఇది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి.

2001 వేసవి సెలవులు. నాకు పదకొండేళ్ళు. కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గర మా తాతయ్యగారి ఊళ్ళో ఉన్నాను. 'ఖుషి' వచ్చింది. పట్నం చూసి వచ్చిన పెద్దపిల్లలు పవన్ కల్యాణ్ లాగా మెడ మీద చెయ్యి రాసుకుంటూ తిరుగుతున్నారు. నేను చూడకపోతే ఎలా? తాతయ్యని డబ్బులడిగితే "రేపు చూద్దాంలేరా" అన్నాడు. ఆ రేపు ఎంతకీ రాదు కదా!

మా తాతయ్య దున్నేటప్పుడు పొలంలో దొరికిన వస్తువులన్నీ వసారాలో ఒక కొబ్బరిచిప్పలో పడేసేవాడు. పూసలు, పెంకులు, నల్లటి సీసం బిళ్ళలు. ఆ బిళ్ళల్లో ఒక దాని మీద రెండు నిలువు గీతలు, వాటి కింద దొన్నెలా వంపు ఉండేవి. నేను దాన్ని "రెండు పుల్లల బిళ్ళ" అనేవాణ్ణి. ఆ మధ్యాహ్నం పాత సామాన్ల బండి వచ్చింది. సీసానికి మంచి ధర వస్తుందని ఎవరో అన్నారు. బిళ్ళలన్నీ గుప్పెట్లో పట్టుకుపోయి తక్కెట్లో పోశాను. పన్నెండు రూపాయలిచ్చాడు. బెంచీ టిక్కెట్టుకి సరిపోగా మిగిలిన చిల్లరతో ఇంటర్వెల్లో సోడా తాగాను.

2022 డిసెంబరు 31న 'ఖుషి' మళ్ళీ విడుదలైనప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో స్నేహితులతో చూశాను. హాల్లో కాగితాలు ఎగరేసి గంతులేశాను. ఆ టిక్కెట్టు ఎలా కొన్నానో కూడా నవ్వుతూ చెప్పాను. అప్పటికి ఆ బిళ్ళ ఏమిటో నాకు తెలియదు మరి!

ఇప్పటికీ తెలియదనుకోండి. అది ఓడే కావచ్చు, అరిగిపోయిన ఏనుగు కాళ్ళే కావచ్చు. తేల్చి చెప్పటానికి బిళ్ళ ఉండాలి కదా. ఎక్కడో కొలిమిలో కరిగిపోయింది.

ఘంటసాల అంటే పాటే కాదు

ఆ శనివారం రాత్రి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బెజవాడ బస్సెక్కాను. తెల్లారి బెజవాడలో దిగి, పామర్రు మీదుగా ఘంటసాల చేరాను.

ఘంటసాల అనగానే మీకు పాట వినబడుతుంది. తప్పు లేదు, నాకూ అంతే! గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావుగారి ఇంటిపేరు అది. ఆయన పుట్టింది ఇదే కృష్ణా జిల్లాలో, గుడివాడ దగ్గరి చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు, నాట్యం పుట్టిన కూచిపూడి కూడా ఈ చుట్టుపక్కలవే. తెలుగు సినిమాకి పుట్టిల్లు లాంటి నేల.

అయితే ఈ ఊరు పాటకి ముందే లోకప్రసిద్ధం. రెండో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కూచుని టాలెమీ అనే భూగోళ శాస్త్రవేత్త రేవుల జాబితా వ్రాశాడు. అందులో మన తీరాన 'కొంటకోస్సిల' అనే వర్తక రేవు ఉంది. నాగార్జునకొండ శాసనంలో దీన్నే 'కంటకసేల' అన్నారు. బోధిశ్రీ అనే ఉపాసిక కంటకసేలలోని మహాచైత్యానికి తూర్పు వాకిట రాతి మండపం కట్టించిందని ఆ మూడో శతాబ్దపు శాసనం చెబుతుంది. ఆ కంటకసేలే నేటి ఘంటసాల! ఈ తీరంలోనే ఒకచోట ఓడలు ఒడ్డు వదిలి, నడి సముద్రానికి అడ్డంపడి, తూర్పున బంగారు భూమికి పోయేవని కూడా టాలెమీ గుర్తు పెట్టాడు. అంతకు ముందే, ఒకటో శతాబ్దపు గ్రీకు వర్తకుల చేతిపుస్తకం ఈ ప్రాంతాన్ని 'మసాలియా' అని పిలిచి, ఇక్కడ సన్నని నూలుబట్ట బోలెడు తయారవుతుందని వ్రాసింది.

మరి రేవు ఏదీ? అని అడుగుతారు. నేనూ అదే అడిగాను. ఊళ్ళో నిలబడితే కనుచూపు మేర వరి చేలే! సముద్రం జాడ లేదు. కృష్ణమ్మ రెండు వేల ఏళ్ళుగా ఒండ్రు తెచ్చి పోస్తూ ఒడ్డుని తూర్పుకి నెట్టుకుంటూ పోయింది. రేవు పొలమైపోయింది. నాగలికి నాణేలు తగులుతున్నాయంటే ఆశ్చర్యమేముంది?

ఊళ్ళోని దిబ్బని పందొమ్మిదో శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ రీ అనే తెల్లదొర తవ్వించాడు. బండి చక్రంలా ఆకులు తీర్చిన ఇటుకల స్తూపం బయటపడింది. ఇక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకదానిలో ఉంది నేను వెతుకుతున్న పేరు.

మహానావికుడు శివకుడు!

మేనల్లుడి ప్రశ్నకి జవాబు. మన తీరంలో రాతికెక్కిన నావికుడి పేరు. రాజు కాదు, మంత్రి కాదు. సముద్రం మీద ఓడ నడిపే పెద్ద. బహుశా ఆయన తెడ్డు వేసే కళాసీల పేర్లు ఏ రాయి మీదా లేవు. కానీ నాయకుడి పేరైతే నిలిచింది. ఊరు తగలబెట్టినందుకు కాదు, ధర్మానికి దానం ఇచ్చిన కుటుంబంవాడైనందుకు!

అమ్మమ్మ చెప్పిన మాట

అక్కణ్ణించి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. తాతయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. కొబ్బరిచిప్ప ఇంకా వసారాలోనే ఉంది. అందులో మేకులున్నాయి.

"అమ్మమ్మా, తాతయ్యకి పొలంలో సీసం బిళ్ళలు దొరికేవి గుర్తుందా?"

"దొరక్కేం. చేపలు పట్టుకునేవాళ్ళు వస్తే ఇచ్చేసేవాడు. కరిగించి విసురువలకి బరువు కట్టుకునేవాళ్ళు."

"అవి రాజుల కాలంవని తెలియదా?"

"తెలిస్తే మాత్రం ఏం చేస్తార్రా? వలకి కట్టుకుంటే చేపలన్నా పడతాయి."

కాసేపాగి నేనే చెప్పాను. "కొన్ని నేను అమ్మేశానమ్మమ్మా. సినిమాకి."

ఆవిడ నవ్వింది. "మీ తాతయ్యకి ఆ రోజే తెలుసు. బిళ్ళల కోసం ఏమీ అనుకోలేదు. పిల్లాడు అడిగితే సినిమాకి డబ్బులివ్వకపోతినే అని రాత్రంతా ఒకటే గొణుగుడు."

నేను చెరువు గట్టు మీదకి వెళ్ళి కాసేపు కూచుని వచ్చాను.

భయపడకండి, రండి!

తిరుగు ప్రయాణంలో బాపట్ల వైపు మళ్ళి మోటుపల్లి చూశాను. ఇప్పుడు చిన్న పల్లె. ఒకప్పుడు కాకతీయుల మహా రేవు. 1244లో గణపతిదేవుడు ఇక్కడ వేయించిన అభయ శాసనం వీరభద్రాలయంలో ఉంది.

శాసనంలో ఏముందో తెలుసా? తుపానులో ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులోని సరుకంతా ఆ ఒడ్డున్న రాజు లాక్కోవటం అప్పటి ఆచారం. గణపతిదేవుడు ఆ ఆచారం వద్దన్నాడు. ప్రాణాలకి తెగించి సముద్రం మీద వచ్చే వర్తకులకి అభయం ఇస్తున్నానన్నాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోమని రాతి మీద చెక్కించాడు. ఆయన కూతురు రుద్రమదేవి పాలన నాటి ఈ రాజ్యాన్ని వెనిస్ యాత్రికుడు మార్కో పోలో 'ముత్ఫిలి' అని వర్ణించి, ఇక్కడి సన్నబట్టలని మెచ్చుకున్నాడు. 'రుద్రమదేవి' సినిమా 2015లో చూశాం కదా. కత్తియుద్ధాలు గుర్తున్నాయి. తండ్రి రాయించిన ఈ మాట ఎంతమందికి గుర్తుంది?

ఉత్తరాన వైకింగుల ఓడ కనబడితే ఒడ్డునున్నవాళ్ళు పారిపోయేవారు. ఇక్కడ ఓడ పగిలి వచ్చినవాణ్ణి ఒడ్డునున్న రాజు భయపడొద్దన్నాడు. ఇందులో పెద్ద హీరోయిజం ఎవరిదో మీరే చెప్పండి!

కాలం తమాషా చూడండి. ఆ వైకింగుల వారసులైన డేనిష్‌వారే 1620లో బంగాళాఖాతం ఒడ్డుకి వచ్చారు. గొడ్డళ్ళతో కాదు, సరుకు కొనటానికి! తమిళ తీరంలో తరంగంబాడి దగ్గర కోట కట్టుకుని 1845 దాకా వ్యాపారం చేసి, చివరికి దాన్ని ఇంగ్లీషువాళ్ళకి అమ్ముకుని పోయారు.

మన ఇంటి వెనకే!

ఇదంతా కోస్తా సంగతి, ఎల్‌బీ నగర్‌లో ఉండే మాకేమిటి అంటారా? ఉండండి, అసలు క్లైమాక్సు ఇక్కడే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ దాటితే మెట్రోలో చైతన్యపురి స్టేషను వస్తుంది. నేను రోజూ ఆ మీదుగానే పోతాను. అక్కడ దిగి ఫణిగిరి కాలనీ వైపు మూసీ ఒడ్డుకి వెళితే కొసగుండ్ల నరసింహస్వామి గుడి. ఆ గుట్ట బండ మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం చెక్కి ఉంది. నాలుగు, అయిదు శతాబ్దాల నాటిది, విష్ణుకుండినుల కాలం. అందులో 'గోవిందరాజ విహారం' పేరుంది. భిక్ష తిని బతికే బౌద్ధ భిక్షువుల కోసం రాతి నివాసం కట్టించిన సంగతి ఉంది. చార్మినారు కట్టటానికి వెయ్యేళ్ళకి పైగా ముందు మాట ఇది. హైదరాబాదు నేల మీద దొరికిన అతి పాత రాత అని చెబుతారు.

మేనల్లుణ్ణి తీసుకెళ్ళాను. ముక్కు మూసుకుని మూసీ వైపు చూశాడు. "ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి మామయ్యా?" అన్నాడు.

"వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయిరా. అక్కణ్ణించి అమరావతి, బెజవాడ, దివిసీమ, హంసలదీవి దగ్గర సముద్రం."

వాడు మాట్లాడలేదు. వాడి మొహంలో లెక్క కుదిరిన వెలుగు చూశాను. విహారంలో భిక్షువులూ, రేవులో నావికులూ, మధ్యలో నదులు. అంతా ఒకే దారి!

ఇప్పుడు నా విన్నపం. 2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వుతుంటే ఒక మట్టికుండ దొరికింది. దాన్నిండా ఇక్ష్వాకుల కాలపు సీసం నాణేలు, లెక్కపెడితే 3,730. పురావస్తు శాఖవారి చేతిలో పడింది కాబట్టి అది చరిత్రయింది. పాత సామాన్ల బండి ముందు పడి ఉంటే? కిలోల లెక్కన తూగి ఉండేది, నా గుప్పెడు బిళ్ళల్లాగే!

మీ తాతగారి ఊళ్ళో, పొలంలో, పునాది గోతిలో ఇలాంటిది కనబడితే అమ్మకండి, కరిగించకండి, తోమి మెరుగు పెట్టకండి. ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకుని తహసీల్దారుకో, పురావస్తు శాఖకో చెప్పండి. వస్తువు ఎంత ముఖ్యమో అది దొరికిన చోటు అంత ముఖ్యం. చట్టం కూడా ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకి మించిన విలువైన నిక్షేపం దొరికితే కలెక్టరుకి తెలియజెయ్యాలి. నేను పన్నెండు రూపాయలకి అమ్మాను. అంటే రెండు రూపాయల తేడాతో నేరస్థుణ్ణి!

ఆ రాత్రి మేనల్లుడు ఫోన్లో వైకింగుల తరవాతి భాగం పెట్టాడు. నేనూ పక్కన చేరాను. బాగానే ఉంది, ఎందుకు అబద్ధమాడాలి! మధ్యలో వాడు బొమ్మ ఆపి, "మామయ్యా, శివకుడి ఓడకి ఎన్ని తెరచాపలుండేవంటావు?" అన్నాడు.

"రెండేమోరా" అన్నాను.

ఖాయంగా చెప్పగలిగేవాణ్ణే... ఆ రోజు 'ఖుషి'కి వెళ్ళకపోయి ఉంటే!